చిక్కడపల్లి పరిసరాల్లో ముస్లిం నిత్యజీవనం: విశ్వాసం, నీతి, గుర్తింపు

హైదరాబాద్ నడిబొడ్డున, ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌కూ నారాయణగూడ చౌరస్తాకూ ఇందిరా పార్కుకూ నడుమ ఒకదాన్నొకటి ఆనుకొని ఉన్న పేటలు చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్. ఈ పేర్లు వినగానే తెలుగువారికి త్యాగరాయ గానసభ, నగర కేంద్ర గ్రంథాలయం, సినిమా హాళ్లు, పోటీ పరీక్షల కోచింగ్ సెంటర్లు గుర్తుకొస్తాయి. ముస్లిం జీవితం అనగానే మాత్రం మనసు చార్మినార్ వైపు పోతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాద్ జిల్లా జనంలో 43 శాతానికి పైగా ముస్లింలే. వాళ్లంతా మూసీకి దక్షిణాన లేరు. ఈ పేటల చుట్టూ ముషీరాబాద్, భోలక్‌పూర్, జమిస్తాన్‌పూర్, బాగ్‌లింగంపల్లి, బర్కత్‌పుర, హిమాయత్‌నగర్, కింగ్ కోఠి ఉన్నాయి. వీటిలో కొన్ని ముస్లింలు ఎక్కువగా ఉన్న బస్తీలు, కొన్ని నాలుగు మతాలవాళ్లు కలిసి ఉండే వాడలు. ఎక్కువమంది హిందువుల మధ్య, తెలుగు వినిపించే వీధుల్లో, అపార్ట్‌మెంట్లలో, హాస్టల్ గదుల్లో మతాన్ని ఎలా పాటిస్తారో తెలుసుకోవాలంటే పాతబస్తీకన్నా ఇక్కడే ఎక్కువ తెలుస్తుంది. ఇక్కడ విశ్వాసం రోజులో వేళలు చూసుకోవడంగా, నీతి డబ్బు లెక్కగా కనిపిస్తుంది. గుర్తింపు సంగతి చాలాసార్లు ఎదుటివాళ్లు అడిగే ప్రశ్నతోనే మొదలవుతుంది.

చారిత్రక నేపథ్యం

ఈ ప్రాంతంలో ముస్లిం చరిత్ర కుతుబ్‌షాహీల కాలం నుంచీ ఉంది. ముషీరాబాద్ పెద్ద మసీదు ఆ కాలపు కట్టడమే. ఆసఫ్‌జాహీల కాలంలో, ముఖ్యంగా ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కింగ్ కోఠీలో నివాసం ఏర్పరచుకున్నాక, నగరం ఉత్తరానికి పెరిగింది. 1967 ఫిబ్రవరి 24న ఆయన కన్నుమూస్తే ఖననం చేసింది కింగ్ కోఠి ఎదుటి మస్జిద్-ఎ-జూదీలో. నారాయణగూడ నుంచి అది నడిచిపోయేంత దూరం. ఆజమాబాద్ పారిశ్రామికవాడ పేరు ఆయన పెద్ద కుమారుడు ఆజంజా నుంచి వచ్చింది. అక్కడికి దగ్గర్లోని సిగరెట్ల ఫ్యాక్టరీ 1930లో వజీర్ సుల్తాన్ పేరిట మొదలైంది. ముషీరాబాద్, చిక్కడపల్లి బస్తీల్లో కార్మిక కుటుంబాలు స్థిరపడడానికి ఇలాంటి ఫ్యాక్టరీలు ఒక కారణం.

అదే కాలంలో నారాయణగూడ తెలుగు మేలుకొలుపుకూ చిరునామా అయింది. మాడపాటి హనుమంతరావు పూనికతో 1928లో మొదలైన తెలుగు మాధ్యమ బాలికల పాఠశాల ఇక్కడిదే. రాజభాష ఉర్దూ, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో, ఇంట్లో భాష తెలుగు. ఈ రెండు భాషల తగువులో న్యాయం తెలుగు బాలికల వైపే ఉంది. అయితే 1948 తర్వాత అదే నగరంలో ఉర్దూ మాట్లాడే పిల్లలు తమ భాషకు కొలువు దొరకని స్థితికి వచ్చారు. ఈ రెండు అనుభవాలనూ పక్కపక్కన పెట్టి చదివినవాళ్లు తక్కువ.

హైదరాబాద్ సంస్థానాన్ని భారత్‌లో కలిపేందుకు 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకు సాగిన పోలీసు చర్య ఇక్కడి ముస్లింల జ్ఞాపకంలో పెద్ద విరుపు. ఆ తర్వాతి హింసపై భారత ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ, తక్కువలో తక్కువగా 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడలేదు. కొందరు ఉన్నతోద్యోగులు, జాగీర్దార్ల కుటుంబాలవాళ్లు పాకిస్తాన్‌కు వెళ్లారు. మిగిలినవాళ్లలో చాలామంది చిన్న ఉద్యోగాలకూ వ్యాపారాలకూ చేతిపనులకూ మళ్లారు. కవి, పరిశోధకుడు అఫ్సర్ 2023లో వెలువరించిన ఇంగ్లిష్ గ్రంథం ఆ కాలపు ముస్లింల కథనాలను వాళ్ల మాటల్లోనే పట్టుకుంది.

ఒక విషయం మరిచిపోకూడదు. నిజాం పాలనను ఎదిరించినవాళ్లలో ముస్లింలూ ఉన్నారు. ఉర్దూ కవి, కార్మిక నాయకుడు మఖ్దూం మొహియుద్దీన్ (1908–1969) కమ్యూనిస్టుగా అజ్ఞాతంలోకీ జైలుకూ వెళ్లినవాడు. హిమాయత్‌నగర్‌లోని కమ్యూనిస్టు పార్టీ కార్యాలయానికి ఆయన పేరే పెట్టారు. ఉర్దూ సభలకు వేదికైన ఉర్దూ హాల్ కూడా ఆ పేటలోనే ఉంది.

వేళలు: నమాజు, జుమా

రోజుకు ఐదు నమాజులు: ఫజర్, జొహర్, అసర్, మగ్రిబ్, ఇషా. వీటి వేళలు గడియారాన్నిబట్టి కాక సూర్యుణ్ణిబట్టి ఉంటాయి కాబట్టి ఏడాది పొడుగునా జరుగుతూ ఉంటాయి. హైదరాబాద్‌లో ఫజర్ వేళ జూన్‌లో నాలుగుంబావు ప్రాంతంలో మొదలైతే, డిసెంబరు నెలాఖరుకు ఐదు దాటుతుంది. నమాజులో ముఖం కాబా వైపు ఉండాలి. అది హైదరాబాద్ నుంచి పడమరకు సుమారు 13 డిగ్రీలు ఉత్తరంగా ఉంది. కొత్తగా అద్దెకు దిగిన గదిలో ఆ దిక్కు ఎటో ఫోన్‌లోని దిక్సూచి చూసి తేల్చుకుంటారు. గది ఇరుకైతే జానమాజ్ (నమాజు చాప) పరవడానికి మంచం జరపాలి.

నగరంలో ఎక్కువమంది సున్నీలు, హనఫీ సంప్రదాయంవారు. బార్కాస్‌లోని యెమెన్ మూలాల అరబ్బులు షాఫయీలు. అసర్ వేళ హనఫీలకు కాస్త ఆలస్యంగా మొదలవుతుంది. వస్తువు నీడ దాని పొడవుకు రెట్టింపయ్యే దాకా హనఫీలు ఆగితే, షాఫయీలకు ఒక పొడవు చాలు. షియాలు, చంచల్‌గూడ, ముషీరాబాద్‌లలోని మహదవీలు, అహ్లె హదీస్ వారు, తబ్లీగీ జమాత్, జమాతే ఇస్లామీలతో నడిచేవారు, దర్గాలను ఆశ్రయించే సూఫీ సిల్‌సిలాల (గురుపరంపరల) వారు అందరూ ఈ నగరంలో ఉన్నారు. ‘ముస్లింలు ఇలా చేస్తారు’ అని ఒక్క వాక్యంలో రాసే ప్రతి వ్యాసమూ ఈ తేడాల దగ్గర తప్పుతుంది.

ఉద్యోగికీ, కోచింగ్‌కు వచ్చిన అభ్యర్థికీ ఎక్కువ సర్దుబాటు కావలసింది శుక్రవారం మధ్యాహ్నమే. మిగతా నమాజులు వేళ దాటితే ‘ఖజా’గా తర్వాతైనా చదువుకోవచ్చు. శుక్రవారపు జుమా నమాజు మాత్రం జమాత్‌తోనే, అంటే సామూహికంగానే చదవాలి, ఆ పూట పోతే మళ్లీ రాదు. తరగతుల మధ్య భోజన విరామంలో ఖుత్బాకు (మసీదు ప్రసంగానికి) చేరుకునే కుర్రవాళ్లను, మసీదు నిండిపోతే బయట వరసల్లో నిలబడేవాళ్లను ఈ ప్రాంతాల్లో ఏ శుక్రవారమైనా చూడవచ్చు. ఆడవాళ్లు ఎక్కువగా ఇంట్లోనే చదువుకుంటారు. వాళ్లకు విడిగా చోటున్న మసీదులు తక్కువే. స్త్రీలు మసీదులోకి వెళ్లి నమాజు చేయడానికి అభ్యంతరం లేదని ముస్లిం పర్సనల్ లా బోర్డు 2020లో సుప్రీంకోర్టుకు రాతపూర్వకంగా తెలిపింది. బోర్డు అక్కడ ఒప్పుకున్న మాటకు తగ్గ చోటును మసీదు కమిటీలు ఇంకా చూపించవలసి ఉంది. ఉద్యోగానికి, గ్రంథాలయానికి, పరీక్షకు రోజంతా బయట తిరిగే ఆడపిల్లకు జొహర్, అసర్ ఎక్కడ చదువుకోవాలన్నది రోజూ ఎదురయ్యే ఇబ్బందే.

మసీదు బాగోగులు ముతవల్లీ అనే నిర్వాహకుడు లేదా కమిటీ చూస్తుంది. నమాజు చదివించే ఇమాంలకు, అజాన్ ఇచ్చే మౌజన్‌లకు తెలంగాణ ప్రభుత్వం నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇస్తోంది. మసీదుల, దర్గాల, ఖబరస్తాన్‌ల ఆస్తులు 1995 నాటి వక్ఫ్ చట్టం కింద ఉన్నాయి. 2025లో పార్లమెంటు దానికి పెద్ద సవరణలు చేసింది. అదే ఏడాది సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొన్ని నిబంధనల అమలును నిలిపివేసింది.

రంజాన్

చాంద్రమాన సంవత్సరానికి సుమారు 354 రోజులు. అందుకే రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ 33 ఏళ్లకు అటూ ఇటుగా మళ్లీ అదే రుతువులోకి వస్తుంది. 2025లో హైదరాబాద్‌లో తొలి రోజా (ఉపవాసం) మార్చి 2న పడింది. చలికాలంలో ఉపవాసం పన్నెండు గంటల పైచిలుకు, జూన్‌లో పద్నాలుగున్నర గంటలు. గొంతు తడుపుకోకుండా ఎండలో తిరిగే ఆటో డ్రైవరుకు, భవనాల మీద పనిచేసే కూలికి, భోలక్‌పూర్ తుక్కు గోదాముల్లో మూటలు మోసేవాడికి ఆ రెండు గంటల తేడా చిన్నది కాదు. రోగులకు, ప్రయాణంలో ఉన్నవారికి, గర్భిణులకు, బాలింతలకు మినహాయింపు ఉంది. తప్పిన రోజాలను తర్వాత పూర్తి చేసుకోవచ్చు.

నెలవంక కనబడిందా లేదా అని ప్రకటించేది రూయతే హిలాల్ కమిటీ. 29వ రోజు సాయంత్రం ఆ కబురు కోసం ఫోన్లు పట్టుకుని కూర్చోవడం ఇంటింటా ఉన్నదే. సహరీకి తెల్లవారుజామున లేవడం, సాయంత్రం ఖర్జూరంతో రోజా విప్పడం, రాత్రి తరావీ అనే ప్రత్యేక నమాజు. తరావీ హనఫీలకు 20 రకాతులు (నమాజు ఆవృత్తులు), అహ్లె హదీస్ వారికి 8. ఈ నెలలో ముస్లిం ప్రభుత్వోద్యోగులు సాయంత్రం 4 గంటలకే ఇంటికి వెళ్లడానికి ప్రభుత్వం ఏటా అనుమతి ఇస్తుంది. ప్రైవేటు కొలువుల్లో అది యజమాని మంచితనాన్నిబట్టి ఉంటుంది.

హలీం ఈ నెలలో నగరమంతటి తిండి అవుతుంది. హైదరాబాద్ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ హోటళ్ల ముందు సాయంత్రాలు నిలబడే వరసలో రోజా ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కలిసే ఉంటారు. అయితే ఈ రుచి మీద మనం రాసినన్ని పేజీల్లో పదో వంతైనా ఉపవాసం మీద రాయలేదు. రోజా అంటే ఆకలి ఒక్కటే కాదని, అబద్ధం, చాడీ, కోపం కూడా దాన్ని పాడుచేస్తాయని పిల్లలకు ఇళ్లలో చెబుతారు. నెల పొడుగునా నోరు అదుపులో పెట్టుకోవడమే అసలు కష్టమని పాటించేవాళ్లు అంటారు.

డబ్బు: జకాత్, వడ్డీ, చిట్టీ

ఇస్లామీయ నీతి రోజువారీ బతుకులో అన్నింటికన్నా గట్టిగా తగిలేది డబ్బు దగ్గర. నిసాబ్ అనే కనీస పరిమితికి మించి, చాంద్రమాన సంవత్సరం పాటు నిలవ ఉన్న సంపదపై రెండున్నర శాతం జకాత్ ఇవ్వాలి. సాధారణంగా చెప్పే లెక్కలో నిసాబ్ 87.48 గ్రాముల బంగారం లేదా 612.36 గ్రాముల వెండి. పాత తూకాలను గ్రాముల్లోకి మార్చే తీరులో ఉలమాల (మత పండితుల) మధ్య తేడాలున్నాయి. బంగారం కొలతకూ వెండి కొలతకూ ఈనాటి ధరల్లో ఎంతో దూరం ఉండడంతో, మధ్యతరగతి ఇంట్లో జకాత్ పడుతుందా పడదా అన్నది ఏ కొలత పట్టుకున్నారనే దాన్నిబట్టి మారిపోతుంది. ఒంటి మీది నగలకు జకాత్ ఉందని హనఫీలు, వాడుకునే నగలకు లేదని షాఫయీలు అంటారు. భర్త జీతం భర్తదే, భార్య నగలు భార్యవే కాబట్టి ఎవరి లెక్క వారిదే. రంజాన్ నెలలో కాగితం పెన్ను తీసుకొని కూర్చునే ఆడవాళ్లు ఈ లెక్కలో పండితులకేమీ తీసిపోరు.

జకాత్ సొమ్ము ఎవరికి పోవాలో ఖురాన్ ఎనిమిది వర్గాలను చెప్పింది. తల్లిదండ్రులకు, సొంత పిల్లలకు అది చెల్లదు, వాళ్లను ఎలాగూ పోషించాలి కాబట్టి. పేద అక్కచెల్లెళ్లకు ఇవ్వవచ్చు. చాలా ఇళ్లలో ఇది చుట్టాల మధ్యే గుట్టుగా చేతులు మారుతుంది. దీన్ని పద్ధతిగా సేకరించి చదువులకు మళ్లించే ప్రయత్నాలూ నగరంలో ఉన్నాయి. 1992లో ఏర్పడిన హైదరాబాద్ జకాత్ అండ్ చారిటబుల్ ట్రస్ట్ వాటిలో పేరున్నది. పండుగ నమాజుకు ముందే ఇవ్వవలసిన ఫిత్రా వేరు. ఇంట్లో పసిబిడ్డతో సహా తలకింత చొప్పున గోధుమలు లేదా వాటి ధర ఇస్తారు.

వడ్డీ, అరబ్బీలో రిబా, తీసుకోవడమూ ఇవ్వడమూ నిషిద్ధం. నగర జీవితం మాత్రం వడ్డీ మీద నడుస్తుంది. ఇల్లు కొనాలంటే బ్యాంకు రుణం, ఆడపిల్ల పెళ్లికి బంగారం కుదువ, ఆటోకు ఫైనాన్స్. కొందరు అప్పు జోలికే పోరు. కొందరు తప్పనిసరి అవసరం కింద తీసుకొని మనసులో బాధపడతారు. పొదుపు ఖాతాలో పడిన వడ్డీని పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చేసేవారు కొందరు. చిట్టీల్లోనూ ఈ విచారణ ఉంది. వేలం పాటలో సొమ్ము వదులుకొని ఎత్తుకునే చిట్టీ వడ్డీ కిందికే వస్తుందంటూ కొందరు ఉలమాలు దాన్ని వద్దంటారు. పాట లేకుండా లాటరీ తీసి వంతులవారీగా పూర్తి మొత్తం ఇచ్చేదానికి అభ్యంతరం చెప్పరు. వడ్డీలేని అప్పులిచ్చే బైతుల్ మాల్‌లు ఉన్నా, నగర అవసరం ముందు వాటి శక్తి చిన్నది. భారతదేశంలో ఇస్లామీయ బ్యాంకింగ్‌కు ప్రత్యేక అనుమతి లేదు. ఈ విషయంలో మనిషి పడే మథనాన్ని బయటి పరిశీలకులు ‘ఛాందసం’ అని కొట్టేస్తుంటారు. అప్పులిచ్చే యాప్‌ల వేధింపులకు కుటుంబాలు చితికిపోతున్న కాలంలో, వడ్డీ న్యాయమా అని అడిగేవాళ్ల మాట ఓపిగ్గా వినదగినదే.

తిండి, ఇరుగుపొరుగు

హలాల్ అంటే జంతువును జిబహ్ చేసేటప్పుడు అల్లా పేరు తలచి, గొంతు కోసి, నెత్తురు పోనివ్వడం. తెలంగాణ పల్లెల్లో హిందువుల ఇళ్లలోనూ యాటను కోయడానికి ముల్లాను పిలిచే ఆనవాయితీ చాలాకాలం నడిచింది. అందుకే హైదరాబాద్‌లో మాంసం దుకాణం ముందు ‘హలాల్’ బోర్డు నిన్న మొన్నటి దాకా ఎవరికీ వింత కాదు. గొర్రె, మేక మాంసం ‘చిన్న కూర’, గేదె, ఎద్దు మాంసం ‘పెద్ద కూర’. చవకైన మాంసకృత్తులు కాబట్టి పెద్ద కూర ముస్లిం, దళిత పేద కుటుంబాల ఉమ్మడి తిండి. 1977 నాటి రాష్ట్ర చట్టం గోవధను నిషేధించింది. ఎద్దులు, గేదెల విషయంలో అధికారి ధ్రువపత్రం కావాలి. బక్రీద్‌కు ఖుర్బానీ మాంసాన్ని మూడు పాళ్లు చేసి ఒకటి ఇంటికి, ఒకటి బంధుమిత్రులకు, ఒకటి పేదలకు పంచుతారు. హిందూ స్నేహితులకు పంపేటప్పుడు వాళ్లు తినేది మేకపోతు మాంసమేనని చూసుకొని పంపడం, రంజాన్‌కు షీర్ ఖుర్మా గిన్నెలు పైఅంతస్తు దాకా పోవడం, సంక్రాంతికి అరిసెలు కిందికి రావడం ఈ అపార్ట్‌మెంట్లలో మామూలు సంగతులే.

పిలుపుల్లోనూ ఈ కలయిక ఉంది. ముస్లిం పిల్లలు తల్లిని అమ్మీ అని, అక్కను ఆపా అని, పిన్నిని ఖాలా అని పిలుస్తారు. పక్కింటి తెలుగు ఆవిడను ఆంటీ అని, కొన్నిచోట్ల అక్కా అని అంటారు. తెలుగువాళ్లకు దుకాణదారు ‘భాయ్’, పెద్దాయన ‘చాచా’ లేదా ‘సాయబుగారు’. నల్లగొండ, ఖమ్మం, కోస్తా, రాయలసీమల నుంచి వచ్చిన ముస్లింలలో చాలామందికి చదువుకున్న భాష తెలుగే. నూర్‌బాషా దూదేకుల ఇళ్లలో మాట్లాడేదీ తెలుగే. పాతబస్తీ యాసలో దక్కనీ ఉర్దూ రాకపోతే ‘నువ్వు ముస్లింవేనా’ అని తోటి ముస్లింలే అడుగుతారు. తెలుగు చక్కగా మాట్లాడితే ‘మీరు ముస్లిం అంటే నమ్మలేం’ అని తెలుగువాళ్లు మెచ్చుకుంటారు. రెండు మాటలూ నొప్పించేవే.

పెళ్లి, విడాకులు, చావు

నిఖా ఒక ఒప్పందం. ఇరువైపులా అంగీకారం, సాక్షులు, మెహర్ ఉండాలి. మెహర్ వరుడు వధువుకు ఇవ్వవలసినది, ఆమె సొంతం. ఖాజీ దగ్గర నమోదయ్యే పత్రంలో ఆ మొత్తం రాస్తారు. ధర్మం ఇంత స్పష్టంగా ఉన్నా, హైదరాబాద్ ముస్లిం పెళ్లిళ్లలో ‘జోడే కీ రఖమ్’ పేరుతో వధువు వైపు నుంచి డబ్బు పోతుంది. దానికి తోడు జహేజ్ (సారె సామాన్లు), ఫంక్షన్ హాల్, విందులు. మెహర్ కాగితం మీద ఉండిపోతుంది, కట్నం మాత్రం చేతికి అందుతుంది. ఈ ప్రాంతపు ముస్లిం సమాజంలో ధర్మానికీ ఆచారానికీ మధ్య ఇంతకన్నా సిగ్గుచేటైన ఎడం మరొకటి లేదు. మసీదు ప్రసంగాల్లో దీన్ని ఖండించేవాళ్లు ఉన్నారు, వరుడి తండ్రి స్థానంలో కూర్చున్నప్పుడు కాదనేవాళ్లు తక్కువ. రాష్ట్ర ప్రభుత్వం 2014 అక్టోబరు 2న మొదలుపెట్టిన షాదీ ముబారక్ పథకం కింద పేద వధువు కుటుంబానికి మొదట 51,000, తర్వాత పెంచి 1,00,116 రూపాయలు ఇస్తున్నారు.

ఒకే ఊపులో మూడుసార్లు తలాక్ చెప్పడం చెల్లదని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 22న తీర్పు ఇచ్చింది. 2019 చట్టం దాన్ని నేరం చేసింది. భార్య తనంతట తాను కోరే విడాకులు ఖులా. భర్త ఒప్పుకోకపోయినా భార్యకు ఖులా హక్కు ఉందని 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు స్పష్టం చేసింది.

చావు ఇంట గుసుల్ (స్నానం), కఫన్ (వస్త్రం చుట్టడం), జనాజా నమాజు, ఖననం ఎంత త్వరగా అయితే అంత మంచిదని భావిస్తారు. పాడె మోయడానికి భుజం మార్చుకుంటూ నడిచేవాళ్లలో పొరుగు హిందువులూ ఉంటారు.

గుర్తింపు: పేరు, అద్దె ఇల్లు, పరీక్ష ఫారం

అశోక్‌నగర్ పేరు తెలుగు నిరుద్యోగుల నోట నలిగిన పేరు. గ్రూప్స్, సివిల్స్, పోలీసు ఉద్యోగాల కోసం జిల్లాల నుంచి వచ్చిన యువత ఇక్కడి గదుల్లో ఏళ్ల తరబడి ఉంటుంది. 2024 అక్టోబరులో గ్రూప్-1 అభ్యర్థుల ఆందోళన ఈ వీధుల్లోనే జరిగింది. ఈ యువతలో ముస్లింలూ ఉన్నారు. వాళ్లకు మొదటి పరీక్ష గది వెతుక్కోవడం. ఫోన్‌లో అద్దె, అడ్వాన్స్ అన్నీ కుదిరాక పేరు చెప్పగానే ‘ఇప్పుడే వేరేవాళ్లకు ఇచ్చేశాం’ అన్న జవాబు ఈ నగరంలో ముస్లిం అద్దెదారులకు కొత్త కాదు. ‘వెజిటేరియన్లకే’ అన్న మాట కొన్నిసార్లు నిజంగానే తిండి గురించి, కొన్నిసార్లు కాదు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక ఎందరో ముస్లిం యువకులను పోలీసులు పట్టుకెళ్లారు. ఆ తర్వాత కోర్టులు వాళ్లను నిర్దోషులుగా వదిలాయి. అనుమానం మాత్రం గది అద్దెల దాకా పాకి అక్కడే ఉండిపోయింది.

పరీక్ష ఫారంలో మతం గడి కన్నా కులం గడి పెద్ద చిక్కు. ఇస్లాంలో కులం లేదన్నది విశ్వాసం. రాష్ట్ర జాబితాల్లో ముస్లింలు నాలుగు చోట్ల ఉన్నారన్నది వాస్తవం. మెహతర్లు బీసీ-ఎ, దూదేకుల లేదా నూర్‌బాషాలు బీసీ-బి. 2007 చట్టంతో వచ్చిన బీసీ-ఇలో అత్తరు సాయిబులు, తురక చాకళ్లు, ఫకీర్లు, గారడీ సాయిబులు, గుడ్డి ఎలుగువాళ్లు, హజాములు, ఖురేషీలు, షేక్‌లు, సిద్దీలు తదితరులు. సయ్యద్, మొఘల్, పఠాన్, ఇరానీ, అరబ్, బోహ్రా మొదలైనవారికి ఇది వర్తించదు, వాళ్లు ఓసీలు. అంతకుముందు 2004, 2005లలో ఇచ్చిన 5 శాతం కోటాను హైకోర్టు కొట్టివేసింది. మొత్తం మతానికి కాకుండా వెనకబడిన వర్గాలకే పరిమితం చేసి 4 శాతంగా తెచ్చిన ఈ చట్టాన్ని కూడా 2010 ఫిబ్రవరిలో కొట్టివేసింది. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అమలు కొనసాగింది. సచార్ కమిటీ 2006లో, తెలంగాణలో సుధీర్ కమిషన్ 2016లో చూపిన వెనకబాటును చదివినవారికి ఈ కోటా అవసరం వేరే చెప్పనక్కరలేదు. డాక్టరైన, ఇంజనీరైన తొలి తరం ముస్లిం ఆడపిల్లల్లో ఎందరికో ఇది తలుపు తెరిచింది. 2016 నుంచి తెరిచిన రెండు వందలకు పైగా మైనారిటీ గురుకులాలు మరో తలుపు.

ఆడవాళ్ల గుర్తింపు మాట వస్తే చర్చంతా బురఖా చుట్టూ తిరుగుతుంది. కర్ణాటక హిజాబ్ వివాదంలో 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు ఇద్దరూ భిన్నమైన తీర్పులు ఇచ్చారు. ఈ ప్రాంతంలో బురఖా వేసుకొని బ్యాంకుకు, కాలేజీకి వెళ్లేవాళ్లు, హిజాబ్ మాత్రమే కట్టేవాళ్లు, ఏదీ వేసుకోనివాళ్లు ఒకే ఇంట్లో అక్కచెల్లెళ్లుగా ఉంటారు. ఎవరి ఇష్టం ఎంత, ఎవరి మీద ఒత్తిడి ఎంత అన్నది వాళ్లను అడిగితేనే తెలుస్తుంది, బయటినుంచి తీర్పు చెప్పడం తగదు.

పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు 2020 జనవరి 4న అశోక్‌నగర్ పక్కనే ఇందిరా పార్కు ధర్నాచౌక్‌లో దానికి నిరసనగా ‘మిలియన్ మార్చ్’ జరిగింది. జాతీయ జెండాలు పట్టుకొని వచ్చినవాళ్లలో అంతకు ముందెన్నడూ వీధి సభకు రాని గృహిణులు, విద్యార్థినులు ఎందరో ఉన్నారు. తాతల నాటి కాగితాలు వెతుక్కోవలసి వస్తుందన్న భయం ఆ రోజుల్లో చాలా ఇళ్లలో కనిపించింది.

పీర్లు, దర్గాలు, సంస్కరణ

తెలుగునాట ఇస్లాం పల్లెలకు చేరింది ఎక్కువగా సూఫీల, పీర్ల ద్వారానే. మొహర్రం పీర్ల పండుగలో అలావా (నిప్పుల గుండం) చుట్టూ హిందువులు, ముస్లింలు కలిసి ఆడతారు. మస్తాన్, దస్తగిరి, పీరయ్య, హుస్సేనమ్మ వంటి పేర్లు రెండు మతాల ఇళ్లలోనూ ఉన్నాయి. అనంతపురం జిల్లా గూగూడు పీర్ల పండుగపై అఫ్సర్ 2013లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ప్రచురించిన గ్రంథం ఈ ఉమ్మడి భక్తికి మంచి ఆధారం. నగరానికి వలస వచ్చిన కుటుంబాల్లో ఈ ఆచారాలపై వాదన సాగుతోంది. దర్గాకు మొక్కడం, తాయెత్తు కట్టడం తౌహీద్‌కు, అంటే ఏకేశ్వర విశ్వాసానికి విరుద్ధమని సంస్కరణవాదులు అంటారు. అది ఔలియాలపై (సూఫీ మహనీయులపై) గౌరవమే తప్ప ఆరాధన కాదని సంప్రదాయవాదులు అంటారు. చదువుకున్న కొడుకు వద్దన్నా తల్లి కొత్తూరు దగ్గరి జహంగీర్ పీర్ దర్గాకు పోయి వస్తుంది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకే వేళకు నమాజు చదువుకుంటారు.

తెలుగులో ఇస్లాం

ఖురాన్‌ను తెలుగులోకి మొదట తెచ్చింది హిందూ పండితుడు చిలుకూరి నారాయణరావు. ఆయన అనువాదం 1930 నాటికే అచ్చయింది. తర్వాత ముస్లిం పండితుల అనువాదాలు వచ్చాయి. తెలుగు ఇస్లామిక్ పబ్లికేషన్స్ పుస్తకాలు, ‘గీటురాయి’ వారపత్రిక ఉర్దూ చదవలేని తెలుగు ముస్లింలకు మతాన్ని సొంత భాషలో అందించాయి. పిఠాపురానికి చెందిన ఉమర్ ఆలీషా (1885–1945) అంతకుముందే తెలుగు పద్యంలో, నాటకంలో పేరు పొందారు.

ముస్లింలు తమ బతుకును తామే తెలుగులో రాసుకునే ధోరణి 1990ల్లో బలపడింది. ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ 1991లో, స్కైబాబ సంపాదకత్వంలో ముస్లింవాద కవిత్వం ‘జల్‌జలా’ 1998లో, ముస్లిం కథల సంకలనం ‘వతన్’ 2004లో, షాజహానా కవితా సంపుటి ‘నఖాబ్’ 2005లో వచ్చాయి. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ నెల్లూరు సీమ ముస్లిం ఇంటిని తెలుగు పాఠకుల ఇల్లు చేశాయి. సలీం ‘కాలుతున్న పూలతోట’ నవలకు 2010లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం, వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ కథలకు 2012లో యువ పురస్కారం లభించాయి.

చిక్కడపల్లికి కూతవేటు దూరంలో, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఒక అపురూపమైన ఉర్దూ భాండాగారం ఉంది. అబ్దుస్ సమద్ ఖాన్ అనే పుస్తకప్రియుడు జీవితమంతా సేకరించిన ఉర్దూ గ్రంథాలు, పత్రికలు షికాగో విశ్వవిద్యాలయం తోడ్పాటుతో ఇక్కడికి చేరాయి. 2000 ఆగస్టు వరదలో అవి తడిసిపోయాయి. వాటిని ఆరబెట్టి, బాగుచేసి తిరిగి వాడకంలోకి తెచ్చారు. తెలుగు కమ్యూనిస్టు నాయకుడి పేరున్న భవనంలో ఉర్దూ జ్ఞాపకం దాగి ఉండడం ఈ ప్రాంత స్వభావానికి తగిన సంగతే.

ముస్లిం జీవితంపై తెలుగులో దొరికే రచనల్లో మతవాదుల కరపత్రాలూ, మతద్వేషుల వ్యాసాలూ, పండుగల రోజున పత్రికల్లో వచ్చే బిర్యానీ ముచ్చట్లూ చాలానే ఉన్నాయి. ముస్లిం ఇంటి లోపలి వెలుగునూ ఇరుకునూ ఉన్నదున్నట్టు చూపినవి పైన చెప్పిన కథలు, కవితలే. ఈ విషయంపై చదవదలచిన తెలుగు పాఠకులు ముందుగా ‘వతన్’, ‘దర్గామిట్ట కథలు’, ‘జుమ్మా’ చదవాలి.